ఎంజీబీకి కొన్న కార్బొరేటర్ రీబిల్డ్ కిట్: ఆరు వారాలు వాడాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తా, మా పాత బ్రిటిష్ కారు ఎంజీబీలో కార్బొరేటర్లని, అంటే పెట్రోలుని గాలితో కలిపి ఇంజనుకి పంపే వాటిని, బాగుచేసుకోడానికి కొన్న ఈ కిట్‌కి నేనిస్తున్నది ఐదుకి రెండు స్టార్లు, అవైనా గ్యాస్కెట్లూ స్ప్రింగులూ నిజంగా బాగున్నాయి కాబట్టి. మిగతా సామాన్లలో నీడిల్ వాల్వ్ ఒకటి లీకు, ఫ్లోట్ ఒకటి చిల్లు, జెట్ ఒకదాని ట్యూబు పొట్టి, నీడిల్స్ రెండింట్లో ఒకటి కొలత తేడా. అన్నీ కొత్తవే, సీలు వేసిన ప్యాకెట్లోంచి నా చేత్తో నేనే తీసినవి. షాపు పేరు రాయట్లేదు, వాళ్ళతో డబ్బుల లెక్క తేలిపోయింది, పైగా అచ్చం ఇలాంటి కిట్లే పది మంది పది పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి పేరు కంటే ఏం చూసుకోవాలో తెలిస్తేనే మీకు పనికొస్తుంది. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఇందులో పెట్రోలు, దాని కిందే కాలే ఎగ్జాస్టు రెండూ ఉన్నాయి.

మా బండి 1966 ఎంజీబీ రోడ్‌స్టర్. మేం ఇంగ్లండ్‌లో డిడ్కాట్‌లో ఉంటాం, ఈ కారు తయారైన ఆబింగ్డన్ ఊరు ఇక్కడికి దగ్గరే, ఆదివారం పొద్దున అటు ఒక రౌండ్ వేసి రావడం మూడేళ్ళుగా అలవాటు. 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకి పైనే చేశారు ఈ కార్లు, అందుకే ఇప్పటికీ ప్రతి బోల్టూ దొరుకుతుంది, అది వరం, కానీ దొరికేదంతా మంచిదనుకుంటే మాత్రం దెబ్బ తింటాం. ఇంజను 1798 సీసీ, బీ సిరీస్. మన అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ పెట్రోలు ఇంజను కూడా ఈ బీ సిరీసే అని మొదటిసారి బానెట్ ఎత్తినప్పుడు నాకు వెంటనే తెలిసిపోయింది, వాల్వ్ కవర్ చూడగానే విజయవాడలో నాన్నగారి అంబాసిడర్ కళ్ళ ముందు కదిలింది. ఆ బండి కార్బొరేటర్ కూడా దీనిలాగే ఎస్‌యూ కంపెనీదే. చిన్నప్పుడు ఆటోనగర్‌లో మేస్త్రి దాని మూత తిప్పి సన్నటి నూనె పోస్తుంటే కార్బొరేటర్‌కి నూనె ఏంటి అని అడిగేవాణ్ణి. ఈ కారు కొన్న కారణాల్లో అది కూడా ఒకటి.

ఎస్‌యూ గురించి తెలియని వాళ్ళకి రెండు ముక్కలు చెప్తా, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. స్కిన్నర్స్ యూనియన్ అనే మాటకి పొట్టి పేరే ఎస్‌యూ, స్కిన్నర్ అన్నదమ్ములు మొదలుపెట్టింది, వాళ్ళది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం, మొదట్లో ఈ కార్బొరేటర్ లోపల తోలు తిత్తి ఉండేదంటే ఆశ్చర్యం లేదు. 1926లో మోరిస్ ఆ కంపెనీని కొన్నాక బ్రిటిష్ కార్లలో ఎక్కడ చూసినా ఇదే. పని చాలా సింపుల్. గొంతులో ఒక పిస్టన్ ఉంటుంది, ఇంజను గాలి పీల్చేకొద్దీ పైకి లేస్తుంది, ఆ పిస్టన్ అడుగున కిందికి పోనుపోను సన్నబడే సూది ఒకటి, దీన్నే నీడిల్ అంటారు, ఆ సూది జెట్ అనే చిన్న గొట్టంలో దిగి ఉంటుంది, పిస్టన్ పైకి లేస్తే సూది కూడా లేచి పక్కన సందు పెరుగుతుంది, ఆ సందులోంచి పెట్రోలు వస్తుంది. అంతే. పక్కనే ఫ్లోట్ చాంబర్, మన ఇళ్ళ మీద నీళ్ళ ట్యాంకులో బాల్ కాక్ ఎలాగో ఇది అలాగే, పెట్రోలు నిండితే ఫ్లోట్ తేలి నీడిల్ వాల్వ్‌ని మూసేస్తుంది. ఎంజీబీకి ఇలాంటివి రెండు, హెచ్‌ఎస్4 అని ఒకటిన్నర అంగుళం సైజు, ముందుది 1, 2 సిలిండర్లకి, వెనకది 3, 4 సిలిండర్లకి. ఒకదానికి ఒకటి అచ్చు గుద్దినట్టు ఉండాలి, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

చలికాలంలో బండి ఎలాగూ బయటికి తీయను కదా అని రెండు కార్బొరేటర్లూ విప్పి కొత్త కిట్ వేద్దామనుకున్నా. పాతవి మరీ పాడైపోలేదు, వెనక జెట్ దగ్గర కొంచెం తడి కనిపించేది, ఫ్లోట్ మూతల కింద గ్యాస్కెట్లు రాయిలా గట్టిపడ్డాయి, అంతే. ఆన్‌లైన్‌లో చూస్తే రెండు కార్బ్‌లకీ సరిపోయే కిట్ 46 పౌండ్లకి కనిపించింది, జెట్లు, నీడిల్స్, నీడిల్ వాల్వులు, ఫ్లోట్లు, స్ప్రింగులు, గ్యాస్కెట్లు అన్నీ కలిపి. ఒరిజినల్ ఎస్‌యూ పేరు హక్కులు 1996 నుంచి సాల్స్‌బరీలో ఉన్న బర్లెన్ వాళ్ళ దగ్గర ఉన్నాయి, ఆ సరుకైతే నాకు దీనికి రెండింతల పైనే అయ్యేది. రివ్యూలు కూడా బానే ఉన్నాయి, ఆర్డర్ పెట్టేశా. మూడు రోజుల్లో వచ్చింది, ప్యాకింగ్ బ్రహ్మాండం, ప్రతి వస్తువూ విడివిడి కవర్లో.

ఒక శనివారం మొత్తం కూర్చుని అన్నీ ఒకేసారి మార్చేశా. అది తప్పు పని, దాని సంగతి తర్వాత చెప్తా. సాయంత్రం తాళం తిప్పా. ఎస్‌యూ ఎలక్ట్రిక్ పంపు ఉన్న వాళ్ళకి తెలుసు, తాళం తిప్పగానే కారు వెనక నుంచి టిక్ టిక్ టిక్ అని గబగబా కొట్టుకుని, ఫ్లోట్ చాంబర్లు నిండగానే ఆగిపోతుంది, ఆ తర్వాత ఎప్పుడో ఒకటీ అరా టిక్కు. ఈసారి ఆగలేదు. ఇరవై లెక్కపెట్టా, ముప్పై లెక్కపెట్టా, కొట్టుకుంటూనే ఉంది. ఈలోపు ఇంట్లోంచి మా ఆవిడ వంటగది తలుపు తీసి "ఏమండీ, పెట్రోలు వాసన వస్తోంది, ఆపండి" అని అరిచింది. తాళం ఆపి బానెట్ కిందికి లైటు వేసి చూస్తే ముందు కార్బ్ ఓవర్‌ఫ్లో పైపులోంచి ధార, సన్నటి ధార కూడా కాదు. కార్బ్ గొంతులో కూడా పెట్రోలు నిలబడి ఉంది. ఎంజీబీలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ సరిగ్గా కార్బొరేటర్ల కిందే ఉంటుంది, మధ్యలో రేకు ఒకటి అడ్డం. ఇంజను చల్లగా ఉంది కాబట్టి సరిపోయింది. అదే పది మైళ్ళు నడిపి వచ్చాక జరిగి ఉంటే అని ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. అందుకే చెప్తున్నా, ఫ్లోట్ చాంబర్‌లో ఏ కొత్త పార్టు వేసినా మొదటిసారి ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి పూర్తిగా ఐదు నిమిషాలు చూడండి, పక్కన పెట్రోలు మంటకి పనికొచ్చే ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకోండి, గ్యారేజీ తలుపు బార్లా తీసి ఉంచండి.

మర్నాడు మొదలైంది అసలు వెతుకులాట. మొదట పంపు మీద అనుమానం, ప్రెషర్ ఎక్కువైతే మంచి వాల్వ్ కూడా ఆపలేదు కదా. లైన్లో గేజ్ పెట్టి చూస్తే 3 పిఎస్‌ఐ కి అటూ ఇటూ చూపించింది, అది మామూలే, నిన్నటిదాకా పాత వాల్వులు ఆ ప్రెషర్‌నే ఆపాయి. తర్వాత చెత్త, కొత్త రబ్బరు పైపు కోసినప్పుడు చిన్న తునక ఏదైనా వాల్వ్‌లో ఇరుక్కుంటుంది, అది చాలా మామూలు విషయం. మూత విప్పి వాల్వ్ తీసి గాలి కొట్టి మళ్ళీ బిగించా. మళ్ళీ ధార. అప్పుడు ముందు దాని వాల్వ్ వెనక్కి, వెనక దాని వాల్వ్ ముందుకి మార్చా, మిగతాది ఏదీ ముట్టుకోలేదు. ముందు కార్బ్ ఆగిపోయింది, వెనకది కారడం మొదలెట్టింది. జబ్బు వాల్వ్‌తో పాటే వెళ్ళింది. ఏదైనా జంటగా ఉన్నప్పుడు ఇంతకంటే మంచి పరీక్ష లేదు, గేజులక్కర్లేదు, డబ్బులక్కర్లేదు.

ఆ సాయంత్రం నాన్నగారికి ఫోన్ చేసి చెప్తే ఒక్క మాట అన్నారు. "ఒరేయ్, మన మేస్త్రి బిగించే ముందు నోట్లో పెట్టుకుని ఊదేవాడు కదరా, నువ్వు ఊదలేదా?" అని. నాకు గుర్తే లేదు, ఆయన చెప్పాక మొత్తం కళ్ళకి కట్టింది, ఫ్లోట్ మూత తలకిందులుగా పట్టుకుని, ఫ్లోట్ బరువుకి వాల్వ్ మూసుకునేలా పెట్టి, పెట్రోలు వచ్చే గొట్టానికి చిన్న రబ్బరు ట్యూబు తగిలించి బుగ్గలు పొంగించి ఊదేవాడు, గాలి పోకూడదు, కొంచెం పోయినా "ఇది వద్దు నాయనా, ఇంకోటి తే" అని కుర్రాణ్ణి షాపుకి పంపేవాడు. ఫోన్ పెట్టేసి వెళ్ళి ఊదా. కొత్త వాల్వ్‌లోంచి గాలి బుస్సుమని పోతోంది. రెండో కొత్త వాల్వ్ బానే ఆపింది. పాత రెండూ గట్టిగా ఆపాయి, ఎన్నేళ్ళ పాతవో కూడా తెలియదు. తర్వాత పది రెట్లు పెద్దగా చూపించే లెన్స్ పెట్టి ఆ చెడిపోయిన వాల్వ్ చూశా. వాల్వ్ సూది వచ్చి ఆనే ఇత్తడి సీటు లోపలి అంచున లేతు పని చేసినప్పుడు మిగిలిన సన్నటి పొలుసు, గోరు కొసంత కూడా లేదు, అది ఒక పక్కకి వాలి ఉంది. ఆ వాల్వ్ సూది కొసన నల్ల రబ్బరు ఉంటుంది కదా, దాని మీద సీటు ఆనిన గుర్తు చుట్టూ వలయంలా పడాలి, ఇక్కడ మూడు వంతులు గుర్తు పడి ఒక వంతు అసలు లేదు. ఆ ఖాళీలోంచే పెట్రోలంతా. పొలుసు గీకేసి సర్దుకోవచ్చేమో గానీ నేను చేయలేదు, రబ్బరు అప్పటికే కోసుకుని ఉంది. పాత వాల్వ్ శుభ్రం చేసి ముందు కార్బ్‌లో పెట్టేశా, బాగున్న కొత్తది వెనక దాంట్లో పెట్టా, ధార ఆగింది, పంపు ఎనిమిదో టిక్కుకో తొమ్మిదో టిక్కుకో ఆగింది, ఆ నిశ్శబ్దం వినగానే పెద్ద ఊరట.

అది రెండు రోజుల ముచ్చటే. మూడో రోజు వెనక కార్బ్ కూడా పొంగింది. ఈసారి వాల్వ్ ఊదితే బానే ఉంది. ఫ్లోట్ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గులగుల. ప్లాస్టిక్ ఫ్లోట్ రెండు ముక్కలు అతికించి చేస్తారు, ఆ అతుకు దగ్గర కన్నం. వంటింటి తూకం మీద పెడితే ముందు ఫ్లోట్ కంటే నాలుగు గ్రాములు ఎక్కువ తూగింది, అంటే దాదాపు ఒక చెంచా పెట్రోలు లోపల. బరువెక్కిన ఫ్లోట్ తేలదు, తేలకపోతే వాల్వ్ మూసుకోదు, ఎంత మంచి వాల్వ్ పెట్టినా అంతే. కన్నం ఎక్కడుందో చూడాలంటే వేడి నీళ్ళలో ముంచితే బుడగలు వస్తాయి, కానీ దయచేసి స్టవ్ దగ్గర మాత్రం వద్దు, లోపల పెట్రోలు ఉంది, నేను కెటిల్లో నీళ్ళు కాచి పెరట్లోకి తీసుకెళ్ళి గిన్నెలో పోసి ముంచా, అతుకు మూల నుంచి వరసగా ముత్యాల్లా బుడగలు వచ్చాయి. ఇలాంటివి బిగించే ముందే పట్టుకోవచ్చు, కొత్త ఫ్లోట్‌ని వేడి నీళ్ళలో ఒక నిమిషం నొక్కి పట్టుకుంటే చాలు.

ఫ్లోట్ మార్చేటప్పుడు లెవెల్ కూడా చూసుకోవాలి. మూత తలకిందులు పెడితే ఫ్లోట్ చెయ్యికీ మూత అంచుకీ మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు నుంచి పదహారింట మూడు వంతుల దాకా సందు ఉండాలి, నేను 4 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ పెట్టి చూస్తా, సరిగ్గా మధ్యలో వస్తుంది. పాత వాటికైతే ఇనప చెయ్యి, కాస్త వంచితే సరిపోతుంది. ఈ కిట్‌లో వచ్చిన వాటికి చెయ్యి కూడా ప్లాస్టిక్కే, వంచడానికి లేదు, సీటు కింద పల్చటి వాషర్ వేసి సర్దాలి, ఆ వాషర్లు కిట్‌లో ఇవ్వలేదు. కిట్‌లో ఒక కాగితం కూడా లేదు, ఈ సంగతి చెప్పడానికి.

పొంగడం ఆగాక బండి స్టార్ట్ అయింది, కానీ ఇంజను నడక బాలేదు. స్లోలో, అంటే యాక్సిలరేటర్ ఇవ్వకుండా వదిలితే, కుంటుతోంది, వెనక నుంచి పొగ, కళ్ళు మండే పచ్చి పెట్రోలు వాసన. ఒక పావుగంట నడిపి ప్లగ్గులు విప్పితే 3, 4 చక్కగా బిస్కెట్ రంగులో ఉన్నాయి, 1, 2 మసి బొగ్గు. అంటే ముందు కార్బ్ రిచ్, గాలికి పెట్రోలు ఎక్కువ కలుపుతోంది. కార్బ్ పక్కన పిస్టన్ లేపే చిన్న పిన్ను ఉంటుంది, దాన్ని కొంచెమే, మిల్లీమీటరు కంటే తక్కువ లేపాలి, ఇంజను స్పీడు పెరిగి అలాగే ఉండిపోతే రిచ్, పడిపోతే లీన్ అంటే పెట్రోలు తక్కువ, క్షణం పెరిగి మళ్ళీ సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. ముందుది లేపితే ఇంజను గొంతు పెంచి అలాగే ఉండిపోయింది. సరే అని జెట్ నట్టు పైకి తిప్పుకుంటూ పోయా, లీన్ చేయాలంటే జెట్ పైకి రావాలి కదా, పూర్తిగా పైకి తిప్పేసినా రిచ్చే. అక్కడ ఒక రోజంతా పోయింది.

చివరికి పిస్టన్ తీసి గొంతులోకి టార్చి వేసి చూశా. నట్టు మొత్తం పైకి ఉంది, జెట్ మాత్రం రాలేదు, ఒక మిల్లీమీటరు కిందే వేలాడుతోంది. వేలితో కింద నుంచి నొక్కితే పైకొచ్చింది, వదిలితే మళ్ళీ జారింది. ఫ్లోట్ చాంబర్ నుంచి జెట్‌కి వచ్చే నైలాన్ ట్యూబు దాన్ని కిందికి లాగుతోంది. పాత జెట్ పక్కన పెట్టి కొలిస్తే కొత్తదాని ట్యూబు ఆరేడు మిల్లీమీటర్లు పొట్టి, పైగా గట్టిది, పాతది దారంలా వంగుతుంది, ఇది పుల్లలా నిలబడింది. అందుకే చెప్తున్నా, చోక్ లాగి వదిలాక రెండు జెట్లూ కింద నుంచి పూర్తిగా పైకి వచ్చాయా లేదా వేలు పెట్టి చూడండి. పాత జెట్ తిరిగి పెట్టా, దాని రంధ్రం ఇంకా గుండ్రంగానే ఉంది.

జెట్ మార్చాక సెంటర్ చేయాలి, ఇది ఓపిక పని. జెట్ కింద పెద్ద లాకింగ్ నట్టు వదులు చేసి, పైనుంచి పిస్టన్‌ని నెమ్మదిగా నొక్కి పట్టుకుంటే సూదే జెట్‌ని మధ్యకి తెచ్చుకుంటుంది, అలా పట్టుకునే నట్టు బిగించాలి. తర్వాత పిస్టన్ వేలితో ఎత్తి వదిలితే ఠక్ మని లోహం మీద లోహం పడ్డ చప్పుడు రావాలి. ఆ ఠక్ లేకుండా మెత్తగా ఆగిందంటే సూది జెట్‌కి రాసుకుంటోందన్నమాట, మళ్ళీ మొదటి నుంచి. నాకు నాలుగోసారికి వచ్చింది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఒక కార్బ్ పిస్టన్, దాని పైన గంట లాంటి డాష్‌పాట్ రెండూ జత, రెండో కార్బ్‌వి దీనికి పెట్టకూడదు, విప్పేటప్పుడే గుర్తు పెట్టుకోండి.

ఇంత చేసినా రెండు కార్బ్‌లూ ఒక్కలా పాడలేదు. స్లోలో బానే కలుస్తున్నాయి, కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి స్పీడు పెంచగానే ముందుది మళ్ళీ రిచ్ వైపు. ఇక మిగిలింది నీడిల్స్. రెండిటి మీదా ఒకే గుర్తు కొట్టి ఉంది, కంటికి కవలపిల్లల్లా ఉన్నాయి. మా ఆఫీసులో మోడల్ రైళ్ళు చేసే పెద్దాయన ఒకాయన ఉన్నారు, ఆయన దగ్గర మైక్రోమీటర్ తెచ్చుకున్నా. ఎస్‌యూ నీడిల్‌ని భుజం దగ్గర నుంచి అంగుళంలో ఎనిమిదో వంతుకి ఒకసారి కొలుస్తారు, ప్రతి నీడిల్‌కీ ఆ కొలతల పట్టిక ఉంటుంది. జెట్ రంధ్రం అంగుళంలో వెయ్యింట 90, నీడిల్ మొదటి మెట్టు దగ్గర వెయ్యింట 89, అంటే రెండిటి మధ్య తేడా వెయ్యింట ఒకటే. అంత సన్నటి సందు మీద ఇంజను స్లో అంతా ఆధారపడి ఉంది. మొదటి మెట్టు రెండిటికీ ఒకటే వచ్చింది, రెండోది కూడా ఒకటే, మూడో మెట్టు దగ్గర ఒకటి వెయ్యింట రెండు సన్నం. నాలుగోది కూడా అంతే. కాగితం మందం కంటే తక్కువ తేడా, కానీ సరిగ్గా నేను ఇబ్బంది పడుతున్న స్పీడులోనే ఆ భాగం జెట్‌లో ఉంటుంది. కొలిచిన ఆ కాగితం చూస్తూ కూర్చున్నా కాసేపు, ఇన్ని రోజులు నా చేతి పని మీద నాకే నమ్మకం పోయింది, తప్పు నా చేతిలో లేదని అప్పుడు తెలిసింది.

మధ్యలో ఇంకో పక్కదారి కూడా పట్టా, అది కూడా చెప్పాలి. ఇంజను వేడెక్కాక 3000 ఆర్‌పీఎమ్ దగ్గర మిస్ కొట్టేది, అది కూడా కార్బొరేటరే అనుకుని రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నా. అది కార్బొరేటర్ కాదు. అదే వారం ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్లో కొత్త కండెన్సర్ వేశా, అది వేడికి చచ్చిపోతోంది, పాతది పెడితే మిస్ పోయింది. ఇప్పుడు వస్తున్న కొత్త కండెన్సర్లు, రోటార్ ఆర్మ్‌లు ఇలా చేయడం పాత కార్ల వాళ్ళందరికీ అనుభవమే. కార్బొరేటర్ ముట్టుకునే ముందు పాయింట్లు, టైమింగ్, టాపెట్లు చూసుకోమని పాత మేస్త్రులు ఊరికే అనలేదు. నేను అన్నీ ఒకేసారి మార్చడం తప్పు అన్నది ఇందుకే, నాలుగు చెడ్డ పార్టులు ఒకేరోజు బండిలోకి వెళ్తే ఏ లక్షణం దేనిదో తేల్చడానికి ఆరు వారాలు పట్టింది, ఒక్కొక్కటిగా వేసి ఉంటే వేసిన గంటలోనే ఏది చెడ్డదో తెలిసిపోయేది.

షాపు వాళ్ళ సంగతి. మొదటి మెయిల్‌కి సరిగ్గా బిగించలేదేమో అన్నారు, బాధేసింది. వాదన పెట్టుకోలేదు, వాల్వ్‌ని ట్యూబుకి తగిలించి సబ్బు నీళ్ళలో ముంచి ఊదుతూ వీడియో తీశా, పాత వాల్వ్, కొత్త వాల్వ్ రెండూ ఒకే షాట్‌లో, ఫ్లోట్ బుడగల వీడియో, మైక్రోమీటర్ ఫోటోలు అన్నీ కలిపి పంపా. రెండో రోజే జవాబు మారింది, క్షమించమని రాసి సగం డబ్బు వెనక్కి వేసి వాల్వులు, ఫ్లోట్లు మళ్ళీ పంపారు. ఆ వచ్చిన వాల్వులు ఊదితే రెండిట్లో ఒకటి మళ్ళీ లీకు. అంటే ఒక్క పీసు పొరపాటు కాదు, తయారయ్యే చోటే ఎవరూ ఊది చూడట్లేదు. మనుషులుగా వాళ్ళు మర్యాదగానే ఉన్నారు, అది కూడా చెప్పడం న్యాయం, కానీ బాల్ కాక్ కారితే డాబా తడుస్తుంది, ఇది కారితే బండే కాలిపోతుంది.

తర్వాత బర్లెన్ సరుకు తెప్పించా, నీడిల్ వాల్వులు, ఫ్లోట్లు, నీడిల్స్ వరకు, జెట్లు మాత్రం బండిలో ఉన్నవే ఉంచా. ఈసారి వచ్చినవి వచ్చినట్టే టేబుల్ మీద పెట్టుకుని ఊదా, వేడి నీళ్ళలో ముంచా, నీడిల్స్ కొలిచా, అన్నీ పాసయ్యాయి. ఒక్కొక్కటే వేశా, ఒక్కొక్కటి వేశాక తాళం తిప్పి పంపు టిక్కులు లెక్కపెట్టా. డాష్‌పాట్ గంట విడిగా తీసి పిస్టన్ పడే టైము కూడా చూశా, ఈ సైజుకి ఐదు నుంచి ఏడు సెకన్లు ఉండాలి, ముందుది ఆరు, వెనకది ఆరుంపావు. ఎస్ఏఈ 20 నూనె పోశా. జెట్ పైకి సమంగా తెచ్చి అక్కణ్ణుంచి రెండు చుట్లు, అంటే నట్టుకి పన్నెండు ముఖాలు, కిందికి తిప్పి మొదలుపెట్టా, చివరికి రెండూ ఒక ముఖం తేడాలో కుదిరాయి. చెవికి రబ్బరు ట్యూబు పెట్టుకుని రెండు కార్బ్‌ల బుస ఒకేలా వినిపించేదాకా స్క్రూలు సర్దా. ఇప్పుడు 800 ఆర్‌పీఎమ్ దగ్గర నిలకడగా ఉంటోంది, నాలుగు ప్లగ్గులూ ఒకే రంగు.

పెట్రోలు గురించి ఒక్క మాట. ఇక్కడ 2021 సెప్టెంబర్ నుంచి మామూలు పెట్రోలంటే ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపినది, పాత బండ్లకి మాత్రం ఖరీదైన ఈ5 ఇంకా దొరుకుతుంది, నేను అదే పోయిస్తా. ఇథనాల్ పాత రబ్బరునీ, సరైన రకం కాని కొత్త రబ్బరునీ రెండిటినీ తినేస్తుంది. మన దగ్గర ఇప్పుడు ఈ20 కాబట్టి అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని నడిపే వాళ్ళు పైపులు, వాల్వ్ రబ్బర్లు ఇంకా తరచుగా చూసుకోవాలి, ముఖ్యంగా బండి నెలల తరబడి కదలకపోతే.

కొనాలా వద్దా అంటే, గ్యాస్కెట్ల కోసమైతే గ్యాస్కెట్ల సెట్టు విడిగా దొరుకుతుంది, అది కొనండి. ఈ కిట్‌లో ఎర్ర రంగు పిస్టన్ స్ప్రింగులు రెండూ సమానంగా ఉన్నాయి, మూత గ్యాస్కెట్లు చక్కగా కూర్చున్నాయి, వాటి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నీడిల్ వాల్వులు, ఫ్లోట్లు మాత్రం ఈ ధరలో వద్దు. పాత పార్టులు ఎంత మురికిగా ఉన్నా పారేయకండి, డబ్బాలో వేసి పేరు రాసి పెట్టుకోండి, నా బండిని రెండుసార్లు మళ్ళీ రోడ్డెక్కించింది ఆ డబ్బానే.

ఇలాంటి కిట్ ఇప్పటికే బండిలో వేసేసిన వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ ఆదివారం బండి తీసే ముందు ఒక పని చేయండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, ఓవర్‌ఫ్లో పైపుల కింద ఒక్కోదానికి ఒక్కో తెల్ల కాగితం పెట్టి, స్టార్ట్ చేయకుండా తాళం తిప్పి ఐదు నిమిషాలు ఆగండి. పంపు కొట్టుకుని ఆగిపోయి కాగితాలు పొడిగా ఉంటే బయల్దేరండి. తడి కనిపించినా, పంపు ఆగకపోయినా తాళం తీసేసి, బ్యాటరీ వైరు విప్పి, మూత తీసి వాల్వ్ ఊది చూడండి. ఆ వాల్వ్ ఫోటో నాకు పంపండి, సీటు అంచున అదే పొలుసు మీకూ కనిపిస్తే ఎన్ని బండ్లలో ఉందో కలిపి వాళ్ళకి రాద్దాం.